ఒక్క రేడియం అయాన్: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

పోయిన సంచికలో రేడియం అయాన్ గురించి ఒక వ్యాసం ఇచ్చాం. ఒకే ఒక్క అయాన్‌ను (ఎలక్ట్రాన్‌ను పోగొట్టుకుని ఆవేశం వచ్చిన పరమాణువును) వాక్యూమ్‌లో ట్రాప్ అనే పరికరంలో విద్యుత్ క్షేత్రాలతో పట్టి ఉంచుతారని, లేజర్‌తో దాన్ని పరమశూన్య ఉష్ణోగ్రతకు డిగ్రీలో వెయ్యో వంతు దూరం వరకూ చల్లబరుస్తారని, ఆ తర్వాత అది పీల్చుకునే కాంతి పౌనఃపున్యాన్ని కొలుస్తారని అందులో రాశాం. దాని మీద కడప, అనంతపురం, కర్నూలు ప్రాంతాల నుంచి మంచి ప్రశ్నలు వచ్చాయి. ఒకే విషయం అడిగిన ఉత్తరాలను కలిపి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మా ఊరికి తుమ్మలపల్లె గని దగ్గరే. యురేనియం ఉన్నచోట రేడియం కూడా ఉంటుందని చదివాను. మన రాయి నుంచే ఈ ప్రయోగానికి కావలసిన రేడియం తీయవచ్చా? అసలు ఎంత కావాలి?
– డిగ్రీ విద్యార్థి, వేంపల్లె

జవాబు: రేడియం ఉండటం నిజమే. యురేనియం-238 క్షీణించుకుంటూ వచ్చే వరసలో రేడియం-226 ఒక మెట్టు. పాతబడిన రాయిలో ఈ రెండింటి నిష్పత్తి నిలకడగా ఉంటుంది. యురేనియం అర్ధాయువు (సగం క్షీణించడానికి పట్టే కాలం) 447 కోట్ల ఏళ్లు, రేడియం-226 అర్ధాయువు 1600 ఏళ్లు. ఈ లెక్కన టన్ను యురేనియానికి 0.34 గ్రాముల రేడియం తోడుగా ఉంటుంది. తుమ్మలపల్లెది డోలమైట్ రాయిలో పలచగా పరుచుకున్న ఖనిజం. యురేనియం ఆక్సైడ్ 0.04 శాతం అని వేసుకుంటే, టన్ను రాయిలో 340 గ్రాముల యురేనియం, దాని వెంట 0.115 మిల్లీగ్రాముల రేడియం ఉన్నట్టు.

ఇక కావలసింది ఎంతంటే, 2019లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాంటా బార్బరా శాఖలో రేడియం అయాన్‌ను మొదటిసారి లేజర్‌తో చల్లబరిచినప్పుడు వాడిన పదార్థం 10 మైక్రోగ్రాముల స్థాయిది. పై లెక్క ప్రకారం దాదాపు 87 కిలోల రాయిలో అంత ఉంటుంది. పది మైక్రోగ్రాములంటే చాలా తక్కువనిపిస్తుంది గానీ, అందులో 270 కోట్ల కోట్ల పరమాణువులు ఉంటాయి. మనకు కావలసింది ఒక్కటి.

కానీ రాయి నుంచి తీయడం వేరే కథ. తుమ్మలపల్లెలో ఖనిజాన్ని నూరి, సోడియం కార్బొనేట్ కలిసిన క్షార ద్రావణంతో, అధిక పీడనంలో యురేనియాన్ని కరిగిస్తారు. రేడియం దాదాపుగా కరగకుండా వ్యర్థంలోనే ఉండిపోతుంది. దాన్ని వేరు చేయబోతే బేరియం అడ్డం వస్తుంది, ఎందుకంటే రెండింటి రసాయన గుణాలూ ఒకటే మాదిరి. మేరీ క్యూరీ టన్నులకొద్దీ ఖనిజం నుంచి బేరియం క్లోరైడ్‌తో కలిసి వచ్చిన రేడియాన్ని మళ్లీ మళ్లీ స్ఫటికీకరించి, 1902 నాటికి గ్రాములో పదో వంతు రేడియం క్లోరైడ్ వేరు చేయగలిగారు. ఇప్పుడు ఏ ప్రయోగశాలా ఆ పని చేయదు. కొలిచి ఇచ్చిన ద్రావణాన్ని కొంటారు. మన దేశంలో దానికి అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి తప్పనిసరి. గని చుట్టుపక్కల రాయినో వ్యర్థాన్నో ఇంటికి తెచ్చి ఏదైనా చేయాలని మాత్రం దయచేసి అనుకోవద్దు.

బేరియం అంత దగ్గరి బంధువు కావడం వల్ల ఒక మేలు కూడా ఉంది. మంగంపేట ముగ్గురాయి బేరియం సల్ఫేటే. రేడియోధార్మికత లేని ఆ బేరియం అయాన్ల మీద పరికరమంతా సరిచూసుకుని, ఆఖరుకు రేడియానికి మారడం ఈ రంగంలో తెలివైన పద్ధతి.

ప్రశ్న: ఆ ద్రావణం నుంచి అయాన్ ట్రాప్‌లోకి ఎలా వస్తుంది?
– ఇంటర్ రసాయనశాస్త్ర అధ్యాపకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఉన్న రేడియం క్లోరైడ్‌ను చిన్న స్టీలు రేకు మీద చుక్కలుగా వేసి ఆరబెడతారు. ఒక చుక్క ఆరాకే ఇంకొకటి వేయాలి, తొందరపడితే అంచులకు పారి వృథా అవుతుంది. ఆ రేకును ట్రాప్‌కు కొద్ది సెంటీమీటర్ల దూరంలో బిగించి, వాక్యూమ్ వచ్చాక 532 నానోమీటర్ల ఆకుపచ్చ పల్స్ లేజర్‌తో ఒక్క దెబ్బ కొడతారు. నానోసెకన్ల పల్స్, సన్నగా కేంద్రీకరించిన పుంజం. ఉపరితలం నుంచి కొంచెం పదార్థం ఎగిరి, అందులో కొంత అయాన్లుగానే బయటికి వస్తుంది.

ఇక్కడ తరచుగా అయ్యే పొరపాటు పల్స్ శక్తిని పెంచేయడం. అయాన్లు ఎక్కువ వస్తాయి, నిజమే. కానీ పదుల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తితో వచ్చి ట్రాప్‌ను దాటి వెళ్లిపోతాయి. ట్రాప్ లోతు మామూలుగా కొద్ది ఎలక్ట్రాన్ వోల్టులే. పైగా ఎగిరిన లోహం కడ్డీల మీద, కిటికీ గాజు మీద పేరుకుంటుంది. తక్కువ శక్తితో మొదలుపెట్టి, పల్స్‌కు పల్స్‌కు మధ్య కెమెరా చూస్తూ, మెల్లగా పెంచాలి. రేకు మీద ఒకే చోట కొడుతుంటే ఆ చోటు ఒట్టిపోతుంది, అప్పుడు పుంజాన్ని వెంట్రుక మందం పక్కకు జరిపితే చాలు.

ప్రశ్న: లేజర్ తగిలితే ఇనుము కూడా కరుగుతుంది. అలాంటిది అయాన్ చల్లబడటం ఏమిటి? పాఠ్యపుస్తకంలో రెండు వాక్యాలే ఉన్నాయి, అంకెలతో చెప్పగలరా?
– ఎమ్మెస్సీ ఫిజిక్స్ విద్యార్థిని, అనంతపురం

జవాబు: చల్లబడటమంటే ఇక్కడ వేగం తగ్గడమే. గది ఉష్ణోగ్రతలో రేడియం-226 అయాన్ వేగం సగటున సెకనుకు 180 మీటర్లు. 468 నానోమీటర్ల నీలి ఫోటాన్ ఒకటి తగిలి పీల్చుకుంటే దాని వేగం సెకనుకు 3.8 మిల్లీమీటర్లు మారుతుంది. అంటే ఎదురుగా వచ్చే ఫోటాన్లే దాదాపు 48 వేలు తగలాలి. పీల్చుకున్న ఫోటాన్‌ను అయాన్ అన్ని దిక్కులకూ సమానంగా వదిలేస్తుంది కాబట్టి ఆ వదిలేటప్పటి తోపులు సగటున రద్దవుతాయి, పీల్చేటప్పటి తోపు మాత్రం ఎప్పుడూ పుంజం దిక్కుకే ఉంటుంది.

మరి వెనక నుంచి తగిలే ఫోటాన్ అయాన్ వేగాన్ని పెంచదా? పెంచుతుంది. అందుకే లేజర్ పౌనఃపున్యాన్ని అయాన్ సహజ పౌనఃపున్యం కంటే కొంచెం తక్కువకు, అంటే ఎరుపు వైపుకు జరిపి పెడతారు. అయాన్ కాంతికి ఎదురుగా వస్తున్నప్పుడు డాప్లర్ ప్రభావం వల్ల దానికి ఆ కాంతి సరైన పౌనఃపున్యానికి దగ్గరగా కనిపిస్తుంది, గబగబా పీల్చుకుంటుంది. వెనక్కి తిరిగి పోతున్నప్పుడు ఇంకా దూరంగా కనిపిస్తుంది, పట్టించుకోదు. 1975లో భౌతిక శాస్త్రవేత్తలు హెన్ష్, షాలో జంట ఒకచోట, వైన్‌లాండ్, డెమెల్ట్ జంట మరోచోట ఈ ఆలోచనను ప్రతిపాదించారు. 1978లో అమెరికాలో మెగ్నీషియం అయాన్ల మీద, జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో బేరియం అయాన్ల మీద చేసి చూపించారు.

ట్రాప్‌లో అయాన్ అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది కాబట్టి ఆరు వైపుల నుంచి ఆరు పుంజాలు అక్కర్లేదు, ఒక్కటి చాలు. షరతు ఏమిటంటే ఆ పుంజం ట్రాప్ మూడు అక్షాల్లో దేనికీ లంబంగా ఉండకూడదు. ఒక అక్షానికి సరిగ్గా లంబంగా పెడితే ఆ దిశలో అయాన్ వేడిగానే మిగులుతుంది. కెమెరాలో గుండ్రని చుక్కకు బదులు ఒకవైపు సాగిన గీత కనిపిస్తే మొదట అనుమానించాల్సింది ఇదే.

ఇప్పుడు అసలు చిక్కు. 468 నానోమీటర్ల కాంతి పీల్చి పైస్థాయికి వెళ్లిన రేడియం అయాన్, సుమారు పదిసార్లలో ఒకసారి మొదటి స్థాయికి రాకుండా మధ్యలో ఉన్న డి3/2 అనే శక్తిస్థాయిలో పడిపోతుంది. అక్కడ అర సెకనుకు పైగా ఉండిపోతుంది. అంటే 1079 నానోమీటర్ల రెండో లేజర్‌తో దాన్ని వెనక్కి ఎత్తకపోతే, పది ఫోటాన్లకే పని ఆగిపోతుంది. 48 వేలు కావాలన్నాం కదా! ఈ రెండో లేజర్‌నే రీపంప్ అంటారు.

రీపంప్ ఉన్నా వెలుగు రాకపోవచ్చు. దీనికి రెండు కారణాలు చెబుతాం, ఎందుకంటే కొత్తవాళ్లు వారాల తరబడి ఇక్కడే ఆగిపోతారు. డి3/2లో నాలుగు ఉపస్థాయులు, పైస్థాయిలో రెండే. ఏ ధ్రువణంతో (కాంతి కంపించే దిశతో) వెలిగించినా కాంతిని పీల్చని కలయిక ఒకటి మిగిలి, అయాన్ అందులోకి జారుకుంటుంది. కొద్ది గాస్‌ల అయస్కాంత క్షేత్రం పెట్టి, రీపంప్ ధ్రువణాన్ని ఆ క్షేత్రానికి వాలుగా ఉంచితే ఆ కలయిక నిలవదు. రెండో కారణం, రెండు లేజర్లనూ ఒకే మోతాదులో ఎరుపుకు జరిపితే రెండు ఫోటాన్ల చీకటి అనునాదం (రెజొనెన్స్) వస్తుంది, అయాన్ వెలగడం మానేస్తుంది. నీలిదాన్ని ఎరుపుకు జరిపినప్పుడు రీపంప్‌ను కొంచెం నీలి వైపుకు పెట్టాలి.

ఎంత జరపాలి అన్నది దశను బట్టి. 468 నానోమీటర్ల ఈ పరివర్తన (ఒక స్థాయి నుంచి మరో స్థాయికి మారడం) సహజ వెడల్పు సుమారు 20 మెగాహెర్ట్జ్. వేడి అయాన్ డాప్లర్ మార్పు దాదాపు 390 మెగాహెర్ట్జ్. కాబట్టి పట్టేటప్పుడు కొన్ని వందల మెగాహెర్ట్జ్ ఎరుపులో మొదలుపెట్టి, అయాన్ చల్లబడే కొద్దీ దగ్గరికి తెచ్చి, చివరికి 10 మెగాహెర్ట్జ్ దగ్గర ఆపుతారు. అక్కడ వచ్చే కనిష్ఠ ఉష్ణోగ్రత కెల్విన్‌లో సుమారు 0.0005 వంతు. పొరపాటున అనునాదం దాటి నీలి వైపుకు పోతే, చల్లబరిచే లేజరే వేడి చేసే లేజర్ అవుతుంది, అయాన్ క్షణంలో మాయమవుతుంది. లేజర్ పౌనఃపున్యం 640 టెరాహెర్ట్జ్, అందులో 10 మెగాహెర్ట్జ్ జారినా ఇంతపని జరుగుతుంది. అందుకే వేవ్‌మీటర్ అంకెను నమ్ముకుని కూర్చోకుండా స్థిరమైన ఆప్టికల్ కేవిటీకి లేజర్‌ను లాక్ చేయాలి. రేడియం ఆవిరి నింపిన గాజు గొట్టాన్ని ప్రమాణంగా పెట్టుకోలేం కదా, 468 నానోమీటర్ల దగ్గర టెల్లూరియం అణువు గీతలు ఆ పనికి వస్తాయి.

ప్రశ్న: గాలిలో తేలినట్టు అయాన్‌ను పట్టి ఉంచే ఆ ట్రాప్‌లో ఎన్ని వోల్టులు, ఏ ఫ్రీక్వెన్సీ? చేతనైతే చేసి చూద్దామని ఉంది.
– పాలిటెక్నిక్ ఎలక్ట్రానిక్స్ విద్యార్థి, కర్నూలు

జవాబు: నిలకడ వోల్టేజీలతో మాత్రమే ఆవేశాన్ని అన్ని దిక్కులా బంధించడం సాధ్యం కాదు. ఒక దిశలో లోపలికి తోస్తే మరో దిశలో బయటికి లాగుతుంది. జర్మన్ భౌతిక శాస్త్రవేత్త వోల్ఫ్‌గాంగ్ పాల్ కనిపెట్టిన ఉపాయం ఆ దిశలను సెకనుకు లక్షలసార్లు మార్చడం. నాలుగు కడ్డీలు సమాంతరంగా నిలిపి, ఎదురెదురు జతకు రేడియో ఫ్రీక్వెన్సీ వోల్టేజీ, రెండో జతకు గ్రౌండ్ ఇస్తారు. రెండు చివర్లా ఉండే ఎలక్ట్రోడ్లకు ధన వోల్టేజీ ఇచ్చి నిలువు దిశను మూస్తారు.

అంకెలు వేద్దాం. మధ్య గీత నుంచి కడ్డీకి దూరం 3 మిల్లీమీటర్లు, ఫ్రీక్వెన్సీ 1 మెగాహెర్ట్జ్, వోల్టేజీ శిఖరం 150 వోల్టులు. స్థిరత్వాన్ని చెప్పే అంకెను క్యూ అంటారు. అయాన్ ఆవేశాన్నీ వోల్టేజీనీ గుణించి రెట్టింపు చేసి, దాన్ని ద్రవ్యరాశి, దూరం వర్గం, కోణీయ ఫ్రీక్వెన్సీ వర్గం లబ్ధంతో భాగిస్తే క్యూ వస్తుంది. రేడియం-226కు ఇది 0.36. అయాన్ కడ్డీలకు అడ్డంగా ఊగే వేగం సెకనుకు 1,27,000 సార్లు, ట్రాప్ లోతు సుమారు 7 ఎలక్ట్రాన్ వోల్టులు. క్యూ 0.908 దాటితే అయాన్ నిలవదు. ఇదే ట్రాప్‌లో బేరియం-138 పెడితే 0.59, నిలుస్తుంది. కాల్షియం-40 పెడితే 2 దాటుతుంది, వెంటనే బయటికి పోతుంది. కాల్షియంతో అలవాటైన అమరికను అలాగే రేడియానికి వాడబోయి "అయాన్లు రావడం లేదు" అనుకునేవాళ్లు ముందు ఈ భాగహారం చేయాలి. కాల్షియానికి సరిపోయిన సెట్టింగ్‌లో రేడియం క్యూ మరీ చిన్నదై ట్రాప్ పలచబడిపోయి ఉంటుంది.

మామూలు ఫంక్షన్ జనరేటర్ పది వోల్టులే ఇస్తుంది. దాన్ని చిన్న యాంప్లిఫయర్‌కు కలిపి, అక్కడి నుంచి రాగి తీగ చుట్టిన రెజొనేటర్‌కు ఇస్తారు. ట్రాప్ కెపాసిటెన్స్‌తో కలిపి అది ట్యూన్ కావాలి. ట్రాప్‌ను బిగించాక వైర్ల పొడవు మారితే ట్యూనింగ్ జారుతుంది కాబట్టి ఆఖరి అమరికలోనే ట్యూన్ చేయండి.

కాలేజీలో అయాన్ సాధ్యం కాదు, వాక్యూమ్ లేదు. ఇదే సూత్రంతో గాలిలో లైకోపోడియం పొడి రేణువులను 50 హెర్ట్జ్ మీద పట్టవచ్చు. దానికి 2 నుంచి 4 కిలోవోల్టులు కావాలి కాబట్టి మీ లెక్చరర్ పక్కన ఉన్నప్పుడే, పారదర్శక డబ్బా మూసి, ట్రాన్స్‌ఫార్మర్ వెంటనే పదుల మెగాఓముల నిరోధకం వరసలో పెట్టి, కరెంటు మిల్లీ ఆంపియర్‌లో చిన్న భాగానికి మించకుండా చేసుకున్నాకే మొదలుపెట్టండి. ఆ నిరోధకం లేకుండా ఎట్టి పరిస్థితిలోనూ వద్దు.

ప్రశ్న: రేడియోధార్మిక అయాన్‌ను గదిలో పెట్టుకుని పనిచేసేవాళ్లకు ప్రమాదం కాదా?
– గృహిణి, కడప

జవాబు: ట్రాప్‌లోని ఒక్క అయాన్ వల్ల ఏ ప్రమాదమూ లేదమ్మా. అది ఒక రోజులో క్షీణించే అవకాశం 8.4 లక్షల్లో ఒక వంతు.

ప్రమాదం ఏదైనా ఉంటే రేకు మీద ఎండబెట్టిన 10 మైక్రోగ్రాముల దగ్గరే. అందులో సెకనుకు 3,70,000 క్షీణతలు జరుగుతాయి. ఆల్ఫా కణాలను కాగితం ముక్క ఆపుతుంది గానీ, పొడి రూపంలో ఒంట్లోకి పోతే రేడియం ఎముకల్లో చేరుతుంది. అందుకే ద్రావణం ఆరబెట్టే పని గ్లవ్ బాక్స్‌లో, చేతికి రెండు జతల గ్లౌజులతో చేస్తారు. రేడియం నుంచి రాడాన్ వాయువు పుడుతుంది కాబట్టి పంపు నుంచి వచ్చే గాలిని గదిలోకి వదలకుండా ఫ్యూమ్ హుడ్‌లోకి పంపుతారు. ఇంకొక సంగతి చాలామందికి తోచదు. ఆల్ఫా కణం వెళ్లేటప్పుడు మిగిలిన రాడాన్ పరమాణువు 86 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల శక్తితో వెనక్కి తన్నుకుని రేకు నుంచి ఎగురుతుంది. అలా ఎదురుగా ఉన్న గోడలు, లెన్సులు కొద్దికొద్దిగా కలుషితమవుతాయి. ఛాంబర్ తెరిచిన ప్రతిసారీ లోపలి భాగాలను తుడిచి, ఆ తుడుపును కౌంటర్‌లో పెట్టి చూశాకే ముట్టుకోవాలి.

ప్రశ్న: వెలుగుతున్న అయాన్ ఉన్నట్టుండి ఆరిపోతే అది పోయిందా, ఉందా? ఎలా తెలుస్తుంది?
– భౌతికశాస్త్ర అధ్యాపకుడు, నంద్యాల

జవాబు: ఈ రంగంలో రోజూ ఎదురయ్యే ప్రశ్న ఇదే. తొందరపడి కొత్త అయాన్ కోసం పల్స్ కొడితే ఉన్న ఆధారం చెడిపోతుంది, రేడియం కూడా వృథా.

ఒక అయాన్ నుంచి మన లెన్సుకు అందేది మొత్తం వెలుగులో 2 శాతం చిల్లర. ఫిల్టర్లు, ఫొటోమల్టిప్లయర్ (ఫోటాన్లను లెక్కించే పరికరం) సామర్థ్యం పోగా సెకనుకు కొన్ని వేల నుంచి కొన్ని పదివేల గణనలు మిగులుతాయి. ముందుగా రీపంప్‌ను చూడండి. 1079 నానోమీటర్లు కంటికి కనిపించదు, షట్టర్ మూసుకుపోయినా, లేజర్ మోడ్ దూకినా తెలియదు. తర్వాత నీలి లేజర్ లాక్ చూడండి. రెండూ సరిగ్గా ఉంటే నీలి లేజర్‌ను కొన్ని వందల మెగాహెర్ట్జ్ ఎరుపుకు జరిపి ఒకటి రెండు నిమిషాలు ఆగండి. వాయువు అణువు ఢీకొని అయాన్ వేడెక్కి ఉంటే ఇలా మళ్లీ చల్లబడి, వెలుగు ఒక్కసారిగా తిరిగి వస్తుంది.

అప్పటికీ రాకపోతే రసాయన చర్య జరిగి ఉండవచ్చు. పీడనం 10⁻¹¹ టార్ (వాక్యూమ్‌లో పీడనాన్ని కొలిచే ప్రమాణం) ఉన్నప్పుడు ఒక అయాన్‌ను మిగిలిన వాయువు ఢీకొనేది సుమారు 50 నిమిషాలకు ఒకసారి. 10⁻⁹ అయితే అర నిమిషానికొకసారి. నీటి ఆవిరి ఉంటే రేడియం హైడ్రాక్సైడ్ అయాన్ ఏర్పడవచ్చు. అది ట్రాప్‌లోనే ఉంటుంది, మన కాంతికి మాత్రం వెలగదు.

దీన్ని పట్టుకోవడానికి రెండు అయాన్లను కలిపి పెట్టుకోవడం మంచిది. అక్షం దిశలో ఊగే ఫ్రీక్వెన్సీ 50 కిలోహెర్ట్జ్ అయితే రెండు అయాన్ల మధ్య దూరం దాదాపు 23 మైక్రోమీటర్లు. ఒకటి ఆరిపోయినా రెండోది తన పక్క స్థానంలోనే ఉంటే చీకటి అయాన్ అక్కడే ఉన్నట్టు. వెలిగేది మధ్యకు జరిగిపోతే మొదటిది నిజంగా పోయినట్టు. ఉన్నదేమిటో తేల్చడానికి చివరి ఎలక్ట్రోడ్‌కు చాలా చిన్న ఆల్టర్నేటింగ్ వోల్టేజీ ఇచ్చి, ఫ్రీక్వెన్సీని నెమ్మదిగా మారుస్తూ వెలిగే అయాన్‌ను చూడాలి. రెండూ రేడియమే అయితే 50 కిలోహెర్ట్జ్ దగ్గర వెలుగు కదులుతుంది. ఒకటి హైడ్రాక్సైడ్ అయితే ద్రవ్యరాశి 243, అనునాదం 49 కిలోహెర్ట్జ్ దగ్గరికి దిగుతుంది. శాంటా బార్బరా బృందం 2021లో రేడియం కలిసిన అణువుల అయాన్లను ఈ రకంగానే గుర్తించింది.

అసలు నివారణ వాక్యూమ్‌లోనే ఉంది. ఛాంబర్‌ను 150 నుంచి 200 డిగ్రీల సెల్సియస్ మధ్య ఒకటి రెండు వారాలు వేడి చేసి ఉంచాలి. కిటికీ గాజు పగలకుండా గంటకు 20 డిగ్రీలకు మించకుండా పెంచాలి, దించేటప్పుడూ అంతే. మన ప్రాంతంలో ఎండాకాలం కరెంటు కోతలు మామూలే కాబట్టి హీటర్లకు కాకపోయినా అయాన్ పంపుకూ (వాక్యూమ్‌ను నిలిపే పంపు) ట్రాప్ డ్రైవ్‌కూ (కడ్డీలకు రేడియో ఫ్రీక్వెన్సీ వోల్టేజీ ఇచ్చే సర్క్యూట్) యూపీఎస్ ఉండి తీరాలి. ట్రాప్ డ్రైవ్ ఒక్క మిల్లీసెకను ఆగినా అయాన్ ఉండదు.

ప్రశ్న: చల్లబరిచాక "అతి కచ్చితంగా కొలుస్తారు" అని ఒక్క ముక్కలో ముగించారు. ఆ కొలత ఎలా జరుగుతుంది?
– పరిశోధక విద్యార్థి, కడప

జవాబు: రేడియం అయాన్‌లో గడియారంగా వాడే పరివర్తన 728 నానోమీటర్లది. దాని పైస్థాయి పేరు డి5/2, ఆ స్థాయి ఆయువు సుమారు 0.3 సెకన్లు, అంటే సహజ వెడల్పు అర హెర్ట్జ్. 412 టెరాహెర్ట్జ్‌లో అర హెర్ట్జ్ అన్నమాట.

ఇంత బలహీనమైన పరివర్తనలో ఫోటాన్లను నేరుగా లెక్కపెట్టలేం. దీనికి డెమెల్ట్ చూపిన దారి ఉంది. మొదట కొద్ది మిల్లీసెకన్లు చల్లబరుస్తారు. నీలి కాంతిని పూర్తిగా ఆపి, 728 నానోమీటర్ల పల్స్ ఒకటి ఇస్తారు. మళ్లీ నీలి కాంతి, రీపంప్ వేస్తారు. అయాన్ వెలిగితే పల్స్ దాన్ని ఎత్తలేదని, చీకటిగా ఉంటే డి5/2లో కూర్చుందని అర్థం. ఆపైన 802 నానోమీటర్ల లేజర్ దాన్ని అక్కడి నుంచి దించుతుంది. ఒక పౌనఃపున్యం దగ్గర ఇలా వందసార్లు చేసినా, సంభావ్యత సగం దగ్గర ఉన్నప్పుడు ఒక్కో బిందువులో 5 శాతం అనిశ్చితి మిగులుతుంది. ఇది పరికరం లోపం కాదు, క్వాంటం స్వభావం. వేలసార్లు చేయడం తప్ప దారి లేదు.

తప్పుదారి పట్టించేవి చూడండి. నీలి కాంతిని శబ్దతరంగ మాడ్యులేటర్‌తో ఆపితే కొంత లీకవుతుంది. ఆ కొంచెం చాలు, స్థాయి జరుగుతుంది. మెకానికల్ షట్టర్ కూడా పెట్టాలి. అయస్కాంత క్షేత్రం అంతకంటే మొండిది. అన్నిటికంటే తక్కువ సున్నితమైన ఉపస్థాయుల జతలో కూడా, ఒక మిల్లీగాస్ మార్పుకు గీత (మనం కొలిచే పౌనఃపున్యం) అర కిలోహెర్ట్జ్‌కు పైగా జరుగుతుంది. గోడల్లోని వైర్లు, ట్రాన్స్‌ఫార్మర్లు 50 హెర్ట్జ్ మీద అంతకంటే ఎక్కువే ఊపగలవు. అందుకని ప్రతి కొలత చక్రాన్నీ మెయిన్స్ తరంగంలో ఒకే దశ దగ్గర మొదలుపెడతారు, వ్యతిరేక దిశల్లో జరిగే రెండు ఉపస్థాయుల గీతలను కొలిచి సగటు తీస్తారు. విద్యుత్ క్షేత్ర ప్రవణత వల్ల వచ్చే మార్పును ఉపస్థాయులన్నిటి మీదా సగటు తీసి తొలగిస్తారు. అయాన్ సరిగ్గా మధ్య గీత మీద లేకపోతే రేడియో ఫ్రీక్వెన్సీతో పాటు వణుకుతుంది. ఫోటాన్లు వచ్చే సమయాలను ఆ తరంగంతో పోల్చి చూసి, పక్క ఎలక్ట్రోడ్ల వోల్టేజీ మారుస్తూ ఆ పోలిక చదునయ్యేదాకా సరిచేయాలి. ఇది ఒకసారి చేసి వదిలేసేది కాదు. పల్స్ కొట్టిన ప్రతిసారీ కడ్డీల మీద కొత్తగా ఆవేశం చేరుతుంది కాబట్టి ప్రతి లోడింగ్ తర్వాతా చేయాలి.

రేడియం-225 కేంద్రక స్పిన్ సగం. దానికి మొదటి వరసలో అయస్కాంత క్షేత్రానికి కదలని గీత దొరుకుతుంది. అర్ధాయువు మాత్రం 15 రోజులే, థోరియం-229 నుంచి వచ్చేదాన్ని తెచ్చుకుంటూ ఉండాలి.

ప్రశ్న: స్థిరమైన మూలకాలు ఉండగా ఇంత కష్టం ఎందుకు?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, గుత్తి

జవాబు: స్థిరమైనవాటిలో లేనివి వీటిలో ఉన్నాయండీ. రేడియం-224 కేంద్రకం బేరిపండు ఆకారంలో ఉంటుందని 2013లో ఐరోపా కణభౌతిక పరిశోధన కేంద్రం సెర్న్‌లోని ఐసోల్డే ప్రయోగం చూపింది. రేడియం-225 కూడా అటువంటిదే. ప్రకృతిలో కాలం ముందుకు, వెనక్కి ఒకే తీరులో నడుస్తుందా అని పరీక్షించే ప్రయోగాల్లో ఇలాంటి కేంద్రకం సంకేతాన్ని వందల రెట్లు పెంచుతుంది. బలహీన బలం పరమాణువులో కలిగించే అసౌష్ఠవం పరమాణు సంఖ్య ఘనం కంటే వేగంగా పెరుగుతుంది, రేడియం సంఖ్య 88. థోరియం-229 కేంద్రకాన్నే లేజర్‌తో, 148 నానోమీటర్ల దగ్గర, 2024లో ఉత్తేజపరిచారు. అది స్ఫటికంలో జరిగింది. అదే కేంద్రకం ఉన్న మూడు ఆవేశాల థోరియం అయాన్‌ను 2011లోనే జార్జియా టెక్‌లో ట్రాప్‌లో చల్లబరిచారు.

మరీ తక్కువ కాలం బతికేవాటిని కూడా వదల్లేదు. జపాన్‌లోని రికెన్‌లో బెరిలియం-11ను, అర్ధాయువు 13.8 సెకన్లు, హీలియం వాయువులో ఆపి, ట్రాప్‌లోకి తెచ్చి, 313 నానోమీటర్ల కాంతితో చల్లబరిచి కొలిచారు. దాని చివరి న్యూట్రాన్ కేంద్రకానికి బాగా ఎడంగా తిరుగుతుంది, ఆ ఎడం గురించి ఈ కొలత చెబుతుంది. వేగకారి (యాక్సిలరేటర్) నుంచి వచ్చే అయాన్ శక్తి సుమారు 100 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులు. చివరికి ట్రాప్‌లో మిగిలేది ఎలక్ట్రాన్ వోల్టులో పది లక్షల వంతు. పదిహేను దశాంశ స్థానాల తగ్గుదల, అదీ కొద్ది సెకన్లలో.

ప్రశ్న: ఈ పని నేర్చుకోవాలంటే మన దేశంలో ఎక్కడ? ఇక్కడ ఉండగానే ఏమి మొదలుపెట్టవచ్చు?
– బీటెక్ విద్యార్థిని, కర్నూలు

జవాబు: అయాన్ ట్రాప్‌లు పుణెలోని ఐసర్ (భారతీయ విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థ)లో, అక్కడే ఉన్న ఖగోళ పరిశోధన కేంద్రం ఐయూకాలో, బెంగళూరు రామన్ పరిశోధన సంస్థలో, ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో ఉన్నాయి. మన ప్రాంతం నుంచి బెంగళూరు కొద్ది గంటల దారే, ప్రాజెక్టు విద్యార్థిగా అడిగి చూడండి. వీళ్ల పని కాల్షియం, ఇటర్బియం లాంటి స్థిరమైన అయాన్లతో. చేయి తిరగాల్సింది అక్కడే. కాల్షియానికి 397, 866 నానోమీటర్లు, బేరియానికి 493, 650. రేడియానికి చెప్పిన రీపంప్ కథంతా వీటికీ వర్తిస్తుంది.

మీ కాలేజీలో ఇప్పుడే చేయగలిగినవి: 780 నానోమీటర్ల డయోడ్ లేజర్, రుబీడియం గొట్టంతో సంతృప్త శోషణ గీతలు చూడటం, లేజర్ కాంతిని సింగిల్ మోడ్ ఫైబర్‌లోకి 50 శాతానికి పైగా ఎక్కించడం, మైక్రోకంట్రోలర్‌తో మైక్రోసెకను కచ్చితత్వంతో షట్టర్లను వరసలో తెరిచి మూసే సర్క్యూట్ కట్టడం. లేజర్ ముందు కూర్చునేముందు ఆ తరంగదైర్ఘ్యానికి సరిపోయే కళ్లద్దాలు కొనండి. 780 నానోమీటర్ల కాంతి కంటికి మసక ఎరుపుగా కనిపిస్తుంది గానీ దాని బలం కనిపించేదానికి ఎన్నో రెట్లు ఉంటుంది.